స్లాట్ దొరికిన దేశం

మా ముత్తాత ముప్పై రెండు గ్రామాలకు జమీందారు. కలెక్టరు గుడారం వేసుకుని మకాం దిగితే ఆయన వెళ్ళి కలవలేదట, కలెక్టరే గుర్రం మీద వచ్చాడట. ఆయన తమ్ముడు జిల్లా బోర్డు అధ్యక్షుడు. మా తాత చేతికి వచ్చేసరికి జమీందారీలు రద్దయ్యాయి. ఆయనకు దక్కినవి రెండే: పేరు ముందు రాజా అన్న మాట, పేరు వెనక కోర్టు వ్యాజ్యాలు. మా నాన్న సహకార శాఖ ఆఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే పదవీ విరమణ చేశాడు. ఆఫీసులో ఆయన్ను రాజావారూ అని పిలిచేవారు. "రాజావారూ, ఆ ఫైలు ఇలా అందుకోండి" అని.

ఆ పిలుపును నాన్న సహించాడు. సహించనిది ఒకటుండేది. మా జమీకి ఏటి అవతల మాకంటే పెద్ద జమీ ఒకటి ఉంది. రెండు పేర్లూ ఒకేలా మొదలవుతాయి. ఊరు చెప్పగానే ఎవరైనా "ఓహో, ఆ జమీయా, సినిమాహాలు కట్టించారు, వాళ్ళేనా?" అనేవారు. నాన్న చేతిలోని కలం కింద పెట్టి, లేచి నిలబడి చెప్పేవాడు. "వాళ్ళు కాదండీ. వాళ్ళది ఏటికి అవతల. మాది ఇవతల. రెండింటికీ ఏ కాలంలోనూ సంబంధం లేదు." అడిగినవాడు ప్యూనైనా సరే, అంతే నిటారుగా నిలబడి చెప్పేవాడు. విన్నవాడు "ఏదైతేనేం లెండి" అంటే ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఆ వెన్నెముకే నాకూ వచ్చింది. అది ఎందుకూ పనికిరాని ఊళ్ళో పదహారేళ్ళుగా ఉంటున్నాను. ఫ్రీమాంట్‌లో మాది రెండు పడకగదుల అద్దె ఇల్లు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. గ్రీన్ కార్డు వరసలో నా వంతు నేను బతికుండగా రాదని లాయరే చెప్పాడు. మా టీమ్ లీడ్ కరీంనగర్ మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. మాకు పిల్లలు లేరు కాబట్టి ఎవరింట్లో తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్ జరిగినా మా ఆవిడ మాటలకు మా వంశచరిత్రే ఆధారం. అలా ఒక ఆదివారం మా జమీ సంగతి తెలిసినప్పటి నుంచి మా లీడ్ నన్ను దొరా అనడం మొదలుపెట్టాడు.

"మా తాత మీ అసొంటోళ్ళ గడీ ముంగట నడువాల్నంటే చెప్పులు చేతుల వట్టుకునేటోడు దొరా," అన్నాడు ఒకసారి రైల్లో ఆఫీసుకు వెళ్తుంటే. "ఇప్పుడు సూడు, నీ కోడ్ నేను రివ్యూ చేస్తున్న."

"మాది గడీ కాదు, దివాణం," అన్నాను. "గడీలు మీ వైపు. మా వైపు చెప్పులు విప్పించలేదు."

"ఏదైతేంది దొరా," అని నవ్వి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

నిజానికి మా వైపు విప్పించారో లేదో నాకు తెలియదు.

నాకున్న ఒక్క తోబుట్టువు చెల్లెలు. తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మానాన్నా పోయాక మేమిద్దరమే మిగిలాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ చేస్తూ కంపెనీ పంపితే బ్రాటిస్లావాకు వెళ్ళి, అక్కడే మూడేళ్ళు ఉండిపోయింది. మాట్లాడుకోవడం తక్కువే. ఊళ్ళో మా ఇద్దరి పేరా మిగిలిన దివాణం స్థలాన్ని అమ్మేద్దామని ఆమె అంది. నేను కాదన్నాను. "అది ఏమిటో తెలుసా నీకు? ఇప్పుడు అది ఏ జిల్లాలో ఉందో చెప్పు, అప్పుడు అమ్ముదువుగాని," అన్నాను. జిల్లాలు కొత్తగా విభజించారు కదా, ఆమె పాత జిల్లా పేరే చెప్పింది. "అదీ నీకున్న శ్రద్ధ," అని ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత ఏడాదిపాటు పండగ మెసేజీలు తప్ప ఏమీ లేవు.

కిందటి ఫిబ్రవరిలో ఒక ఉదయం తనే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, పెళ్ళి చేసుకుంటున్నా. ఇక్కడతన్నే. నువ్వు తిట్టేది ఉంటే ఇప్పుడే తిట్టేయ్."

"వాళ్ళవాళ్ళు ఏం చేస్తారు?"

"వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. రిటైరయ్యాడు. చాలా మంచాయన."

నేనేమీ అనలేదు. అనకపోవడం నాకెంత కష్టమో ఆమెకు తెలుసు.

"మన పద్ధతిలోనే చేసుకుంటాం. మే నెలలో. వియన్నా నుంచి పురోహితుడు వస్తాడు. నాన్న లేడు కాబట్టి నువ్వూ వదినా పీటల మీద కూర్చోవాలి. కాళ్ళు కడిగి ఇవ్వాలి. ఇంకెవరున్నారు నాకు? వస్తావా?"

"వస్తాను," అన్నాను. "నువ్వు అడగాలా?"

ఫోన్ పెట్టాక మా ఆవిడ నా వైపే చూస్తోంది. "బస్సు డ్రైవరు అన్నా మీరు మాట్లాడలేదంటే నాకే నమ్మబుద్ధి కావట్లేదండీ," అంది. ఆ ఏడాది మౌనం నాకూ బరువైంది. మా ఇంట్లో ఆడపిల్లను ఒక మనిషి చేతిలో పెట్టే అర్హత ఇంకా నాకు మిగిలి ఉంది, దాన్ని నేను పోగొట్టుకోదలచుకోలేదు.

మాది భారతీయ పాస్‌పోర్టు. యూరప్‌లో అడుగు పెట్టాలంటే షెంగెన్ వీసా కావాలి. ఆ వీసాకు అపాయింట్‌మెంట్ దొరకడం అంటే ఏమిటో ఇక్కడి మనవాళ్ళందరికీ తెలుసు. దానికోసం వాట్సాప్ గ్రూపులున్నాయి. వెయ్యిమంది అదే పనిగా పేజీ రిఫ్రెష్ చేస్తూ ఉంటారు. ఎవరికైనా స్లాట్ కనిపిస్తే గ్రూప్‌లో పెడతారు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ముందు బుక్ చేయి, తర్వాత చదువుకో అన్నది అక్కడి నియమం. ఇంకో ఉపాయమూ ఉంది. వెళ్ళేది ఎక్కడికైనా, స్లాట్ దొరికిన దేశంలో ఎక్కువ రోజులు ఉంటున్నట్టు హోటళ్ళు బుక్ చేసి చూపిస్తారు. వీసా వచ్చాక వాటిని క్యాన్సిల్ చేస్తారు.

"ఏం దొరా, స్లాట్ దొరుకుతలేదా?" అన్నాడు మా లీడ్ ఒక రోజు. "ఫ్రాన్స్ వెట్టు. మా బామ్మర్ది గట్లనే వెట్టి గ్రీసుకు వొయ్యొచ్చిండు."

"నేను ఫ్రాన్స్ వెళ్ళడం లేదు."

"ఎవడు వొమ్మన్నడు? హోటల్ బుక్ చేయి, వీసా రాంగనే క్యాన్సిల్ కొట్టు. ఖతం."

"మా ఇంట్లో అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళు లేరు."

"గందుకే దొరా, మీ ఇండ్లల్ల ఏం మిగల్లే," అన్నాడు. కోపంతో కాదు, తింటున్న శాండ్‌విచ్ నములుతూనే అన్నాడు.

మార్చి మూడో వారంలో రైల్లో ఉండగా గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది: స్లోవేనియా స్లాట్లు ఓపెన్. చెల్లెలు ఉండే దేశం అదేనని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. ఎవరడిగినా స్లోవేనియాలో ఉంటుందనే చెప్పాను. గబగబా ఇద్దరికీ బుక్ చేశాను. స్టేషన్ దిగేసరికి కన్ఫర్మేషన్ వచ్చింది. ఎవరి ఉపాయమూ వాడకుండా, వెళ్ళవలసిన దేశానికే నిజాయితీగా అపాయింట్‌మెంట్ సంపాదించానని ఆ రోజు మా లీడ్‌కి చూపించాను కూడా.

ఎలా తెలియకుండా పోయిందని ఎవరైనా అడుగుతారు. బడిలో ఉండగా నాకు అట్లాసు మొత్తం నోటికి వచ్చు. అందులో చెకోస్లోవేకియా ఒకటి, రాజధాని ప్రాగ్. యుగోస్లావియా ఒకటి, రాజధాని బెల్‌గ్రేడ్. నా బడి అయిపోయేలోపే అవి ముక్కలయ్యాయి. ముక్కలను మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలని నాకు అనిపించలేదు. ఆ ముక్కల్లో ఒకదాంట్లో చెల్లెలు ఉంటోంది, అంతవరకు తెలుసు. దాని సరిహద్దులు ఏమిటో, పక్కన ఎవరున్నారో, అది దేని నుంచి విడిపోయిందో ఒక్కసారి మ్యాప్ తెరిచి చూడలేదు. ఆమెను ఒక్కసారి అడగలేదు కూడా.

కాగితాలు సర్దుతున్నప్పుడు మా ఆవిడ పట్టుకుంది. చెల్లెలు పంపిన ఆహ్వానపత్రం చేతిలో పెట్టుకుని నిలబడింది.

"ఏవండీ, ఇందులో స్లోవాక్ రిపబ్లిక్ అని ఉంది. మన ఫారంలో స్లోవేనియా అని ఉంది."

"అది అఫీషియల్ పేరు. గ్రీసుకి హెలెనిక్ రిపబ్లిక్ అని ఉండదూ? అలాగే ఇదీ."

"ఎందుకైనా మంచిది, ఒకసారి అమ్మాయికి ఫోన్ చేసి కనుక్కుందామా?"

"తను ఉండే దేశం పేరేమిటని అడగమంటావా?"

ఆమె ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేసింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నాతో వాదించి ప్రయోజనం లేని చోటు ఏదో ఆమెకు బాగా తెలుసు.

అపాయింట్‌మెంట్ వేరే రాష్ట్రంలో. విమానంలో వెళ్ళాం. మా ఆవిడ పట్టుచీర కట్టుకుంది, వద్దన్నా వినలేదు. శుభకార్యానికి వెళ్ళే కాగితాలు కదా అంది. కౌంటర్ దగ్గర అరవయ్యేళ్ళ ఆవిడ, కళ్ళజోడు గొలుసుకు వేలాడుతోంది. మా కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. ఆహ్వానపత్రం దగ్గర ఆగింది.

"ఎక్కడికి వెళ్తున్నారు సర్?"

"బ్రాటిస్లావా. మా చెల్లెలి పెళ్ళి."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఐ యామ్ సారీ. బ్రాటిస్లావా స్లోవేకియాలో ఉంది. మాది స్లోవేనియా."

మా ఆవిడ నా వైపు చూడలేదు. కౌంటర్ చెక్క వైపు చూసింది. నేను అప్పుడు పొరపాటైందని ఒక్క మాట అనవలసింది. అనలేకపోయాను.

"రెండూ ఒకప్పుడు ఒకటే కదా?" అన్నాను.

"నో సర్. మేము యుగోస్లావియా నుంచి వచ్చాం, వాళ్ళు చెకోస్లోవేకియా నుంచి. మాకూ వాళ్ళకూ సరిహద్దే లేదు. మధ్యలో ఆస్ట్రియా, హంగరీ ఉన్నాయి." ఆవిడ గొంతు పెంచలేదు. కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చుంది, అంతే. ఈ సంగతి ఆవిడ జీవితమంతా చెబుతూనే ఉన్నట్టుంది. ఆ నిటారుతనం ఎలాంటిదో నాకు తెలుసు. అవతలివైపు నిలబడి దాన్ని చూడటం అదే మొదలు.

తర్వాత ఆవిడే జాలిపడింది. "చాలామంది ఇలాగే వస్తారు. ఇంకా టైముంది. వాళ్ళ ఎంబసీకి రాయండి. పెళ్ళి అంటే వాళ్ళు చూస్తారు," అని ఫైలు సర్ది, అంచులు సమంగా తట్టి, రెండు చేతులతో ఇచ్చింది.

నేను థాంక్స్ కూడా చెప్పలేదు. మా ఆవిడే చెప్పింది.

ఆ రాత్రికే ఎంబసీకి మెయిల్ రాశాను. స్లాట్లు జూన్ దాకా లేవు. పెళ్ళికూతురే అక్కడి విదేశాంగ శాఖ ద్వారా ఒక అభ్యర్థన పంపితే, దాన్ని బట్టి ముందుగా పిలవగలమేమో చూస్తామని మర్యాదగా జవాబిచ్చారు. అంటే చెల్లెలికి చెప్పాలి. నువ్వు మూడేళ్ళుగా ఏ దేశంలో ఉన్నావో నాకు తెలియదు, ఇంకో దేశం గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను, ఇప్పుడు నువ్వే సాయం చెయ్యి అని చెప్పాలి.

"ఒక్క ఫోన్ అండీ," అంది మా ఆవిడ. "నవ్వుతుంది. నవ్వి పని చేసిపెడుతుంది. మీ చెల్లెలే కదా."

"చేస్తాను."

"ఇవాళ చెయ్యండి."

"చేస్తానన్నానా?"

పదకొండు రోజులు చెయ్యలేదు. పొద్దున రైల్లో, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో ఆ పేజీ రిఫ్రెష్ చేస్తూనే ఉన్నాను. స్లాట్ దానంతట అదే దొరికితే ఎవరికీ ఏదీ చెప్పనక్కర్లేదు. దొరకలేదు. పన్నెండో రోజు చెల్లెలే ఫోన్ చేసింది, టికెట్లు ఎప్పటికి బుక్ చేశావని.

"ప్రాజెక్ట్ రిలీజ్ పడిందమ్మా," అన్నాను. "లీవు ఇవ్వనంటున్నారు. పరిస్థితులు బాగాలేవు, ఇప్పుడు గట్టిగా అడిగితే ఉద్యోగానికే ఎసరు."

అవతల క్యాలెండరు తిప్పిన చప్పుడైంది.

"డేట్ మార్చమంటావా అన్నయ్యా? జూలైలో ఇంకో ముహూర్తం ఉందట. హాల్ వాళ్ళని నేను అడుగుతా. నిజంగా. నాకేం ఇబ్బంది లేదు."

జూలై అంటే స్లాట్ దొరికేది. అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ జూలై దాకా ఈ అబద్ధాన్ని మోయాలి, ఆ లోపల ఎక్కడో ఒకచోట అది బయటపడుతుంది.

"నాకోసం ముహూర్తాలు మార్చకు," అన్నాను. "పెట్టిన ముహూర్తానికే జరగాలి. అది మన ఇంటి పద్ధతి."

అలాంటి పద్ధతేదీ మా ఇంట్లో లేదు. వంటింట్లోంచి మా ఆవిడ అంతా వింది.

పెళ్ళి అక్కడ సాయంత్రం నాలుగు గంటలకు, మాకు ఉదయం ఏడు. టీవీకి ల్యాప్‌టాప్ తగిలించాం. శుభకార్యం ఒంటరిగా చూడకూడదని మా ఆవిడ మా లీడ్‌నీ అతని భార్యనీ పిలిచింది. పెసరట్లు వేసింది. చెల్లెలు ఎర్రంచు తెల్లచీరలో, నుదుట బాసికంతో కనిపించింది. పక్కన పొడుగ్గా ఒక పిల్లవాడు, పంచె ఎక్కడ జారిపోతుందోనని ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పీటల మీద కూర్చోవలసినవాళ్ళ స్థానంలో ఆమె ఆఫీసులో పనిచేసే తమిళ దంపతులు తయారుగా ఉన్నారు. ఆయన ఎవరో, ఏ ఊరివాడో నాకు తెలియదు. మా చెల్లెల్ని ఆయనే దానం చేశాడు.

దానికి ముందు ఎవరో ఫోన్‌ను ఆమె దగ్గరికి తెచ్చారు. "అన్నయ్యా, కనిపిస్తున్నానా? వదినా, చీర బాగుందా?"

"బంగారంలా ఉన్నావమ్మా," అంది మా ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

మా లీడ్ ప్లేటు పట్టుకునే కెమెరా ముందుకు వంగాడు. "అమ్మా, కంగ్రాట్స్! మీ అన్న రాకపాయె గని, నీకోసం మస్తు తిరిగిండు. పక్క దేశపోళ్ళ ఆఫీసు దాంక ఫ్లైట్ల వొయ్యొచ్చిండు!"

అతనికి ఆ సంగతి మా ఆవిడే చెప్పి ఉంటుంది, ఇప్పటికీ అడగలేదు.

"పక్క దేశమా?" అంది చెల్లెలు.

"స్లోవేనియాకి! ఆడ కౌంటర్ల అమ్మ కాయిదాలు సూసి, ఇది మా దేశం కాదు సారూ అన్నదట!"

పెళ్ళికొడుక్కి మా మాటల్లో ఆ ఒక్క పేరు అర్థమైంది. గట్టిగా నవ్వి తలూపాడు. అతనికిది అలవాటే అయి ఉంటుంది. అతని పక్కవాళ్ళూ నవ్వారు. చెల్లెలు నవ్వలేదు.

"రిలీజ్ ఉందన్నావు కదా అన్నయ్యా."

నేను రిమోట్ అందుకుని టీవీ సౌండ్ తగ్గించాను.

"ఒక్క మాట చెప్తే నేను చూసుకునేదాన్ని. వీసాలకు అభ్యర్థన ఇచ్చే విదేశాంగ శాఖ ఆఫీసు మా వీధిలోనే ఉంది." ఆమె ముఖం చాలా దగ్గరగా కనిపిస్తోంది. "మూడేళ్ళు ఇక్కడున్నాను. మూడేళ్ళు నువ్వు అందరికీ అదే చెప్పావా?"

"ముహూర్తం దాటిపోతుంది," అన్నాను. "వెళ్ళి కూర్చో."

ఆమె నా మాట ప్రకారమే వెళ్ళి కూర్చుంది. తర్వాత కెమెరా పురోహితుడి మీదికి, మంట మీదికి తిరిగింది. మా లీడ్ భార్య అతని మోచేతిని గిల్లింది. అతను ప్లేటు కింద పెట్టి, "సారీ దొరా, నీ చెల్లెకు ఎరుకనే అనుకున్న," అన్నాడు. మొదటిసారి ఆ మాటలో ఎగతాళి లేదు. దానికంటే ఎగతాళే నయం అనిపించింది. మంగళసూత్రం కట్టేటప్పుడు అక్షతలు వెయ్యమని మా ఆవిడ నా చేతిలో పోసింది. టీవీ మీద వేశాను. అవి జారి కార్పెట్‌లో పడ్డాయి.

ఆమె నాతో తగువు పెట్టుకోలేదు. తగువు పెట్టుకుని ఉంటే నాకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. ఫోటోలు మా ఆవిడకు పంపింది, నాకు పంపలేదు. మా ఆవిడ పుట్టినరోజుకు ఫోన్ చేసి వాళ్ళిద్దరే అరగంట మాట్లాడుకున్నారు. నేను పక్క గదిలో ఉన్నాను. నన్ను పిలవమని ఆమె అడగలేదు, మా ఆవిడా పిలవలేదు. ఇప్పుడు నేను మ్యాప్ చూశాను. డాన్యూబ్ నది ఆ ఊరి మధ్యలోంచి వెళ్తుందని తెలుసు, ఆస్ట్రియా సరిహద్దు ఊరికి ఆనుకునే ఉందని తెలుసు. ఎవరైనా స్లోవేనియా అంటే సరిదిద్దగలను. చెల్లెలి గురించి ఇప్పుడు నన్ను ఎవరూ అడగడం లేదు.

సెప్టెంబరులో ఆమె దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. పైన "అన్నయ్యా" అని లేదు. దివాణం స్థలం అమ్మడానికి కావలసిన పవర్ ఆఫ్ అటార్నీ ముసాయిదా, ఊళ్ళో లాయరు నంబరు ఉన్నాయి. ఇష్టం లేకపోతే చెప్పమని ఒక్క వాక్యం ఉంది. కొత్త జిల్లా పేరు, మండలం, సర్వే నంబరు, నాలుగు హద్దులు, అన్నీ తప్పు లేకుండా రాసి ఉన్నాయి. ఏ అధికారంతో కాదంటాను? సంతకం చేసి, నోటరీ ముద్ర వేయించి కొరియర్‌లో పంపాను.

డిసెంబరులో ఆ స్థలాన్ని, ప్రహరీ రాళ్ళతో సహా, పెట్రోలు బంకు పెట్టుకునేవాళ్ళకు అమ్మేశాం.